ఊరుమ్మడి ఇసుకనేలపై పదునెనిమిది గుంటలు

పలనాటి సీమకు సముద్రము లేదు. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతములవారు కడలిని చూడవలెనని మనసుపడినపుడు చిలకలూరిపేట మీదుగా దిగి, చీరాల చెంతనున్న వాడరేవునకో, బాపట్ల చెంతనున్న సూర్యలంకకో పోవుదురు. అక్కడ బండి దిగినది మొదలు అలలవైపు పరుగుతీయువారి దృష్టి నిలువని నేల యొకటి కలదు. పంటపొలములు ముగిసిన పిదప, అల తాకిన తడియిసుక మొదలగుటకు ముందు, సరుగుడు తోపుల నడుమ ఎగుడుదిగుడుగా పరచుకొన్న పొడియిసుక దిబ్బల మేర యది. వాన కురిసిన కొంతసేపటికే అక్కడ నీరు ఇంకిపోవును. గాలి వీచినకొలది దిబ్బ యొకచోట కరగి వేరొకచోట పెరుగును. వరి పండదు, పెద్దచెట్టు నిలువదు. స్కాట్లండు దేశపు తూర్పుతీరమున ఇట్టి నేలను లింక్స్ అందురు. అక్కడ సరుగుడు లేదు. దానికి మారుగా పసుపుపచ్చని పూవులు పూయు ముండ్లపొదలును, ఉప్పుగాలికి ఓర్చిన సన్నని గడ్డియు కలవు. గోల్ఫ్ ఆట పెరిగి పెద్దదైనది ఆ నేలమీదనే.

గోల్ఫ్ అనగానే మనవారి మనస్సులో మెదలు చిత్రమొకటి కలదు: ఎత్తైన ప్రహరీ, ద్వారమున కావలి, లోపల భారీ చందాలు చెల్లించిన సభ్యులు, వారి వెంట సంచి మోయు కుఱ్ఱవాడు. మనదేశపు మైదానములలో అనేకములను గూర్చి ఈ చిత్రము సత్యదూరము కాదు. 1829లో ఆంగ్లేయులు కలకత్తాలో తమకొరకు నెలకొల్పుకొన్న క్లబ్బుతో ఈ ఆట మన నేలపై అడుగుపెట్టినది. దొరలతో వచ్చినది చాలకాలము దొరల సొత్తుగానే మిగిలినది. అయితే పుట్టినింట అది ఎట్లు పెరిగెనో, ఇప్పటికిని ఎట్లున్నదో తెలిసికొన్నవారికి ఆశ్చర్యము కలుగక మానదు. మన పల్లెలలో పోరంబోకు బీటియందు పిల్లలు గుంట త్రవ్వి బిళ్ళంగోడు ఆడుకొన్నంత సహజముగా, అక్కడ ఊరివారు ఊరుమ్మడి నేలమీద గుంటలు త్రవ్వి ఈ యాట ఆడుకొనిరి. ఆ నేలను కోల్పోవు పరిస్థితి వచ్చినపుడు దానికొరకు పోరాడిరి. నేనీ వ్యాసమున చెప్పదలచినది ముఖ్యముగా ఆ నేలను గూర్చియే. ఆటను గూర్చి చెప్పుట కూడ నేలను గూర్చి చెప్పుటయే యగునని చదువరులు ముందుముందు గ్రహింపగలరు.

2022వ సంవత్సరము ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పలనాడు జిల్లా యేర్పడినది. ఆ యేడే జులై మాసమున స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణమున ఓపెన్ చాంపియన్‌షిప్ అను మహాస్పర్ధ 150వ మారు జరిగినది. 1860లో ప్రెస్ట్‌విక్ అనుచోట మొదలైన ఈ పోటీ ప్రపంచ గోల్ఫ్ పోటీలలో మిక్కిలి ప్రాచీనమైనది. నాటి బరిలో నిలిచినవారిలో తీగల వారి యింటి బిడ్డ యొకడు కలడు. పేరు సాహిత్. హైదరాబాదునుండి అమెరికాకు తరలిన తెలుగు కుటుంబమున 1997లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నందు జన్మించి, మాలిబు పట్టణమున పసిఫిక్ మహాసముద్రమునకు ఎదురుగా కొండపైనున్న పెపర్‌డైన్ విశ్వవిద్యాలయమున చదివి, కళాశాలా క్రీడాకారులలో 2020వ సంవత్సరపు శ్రేష్ఠునిగా పురస్కారములందినవాడు. ఆ యువకుడు మొదటిమారు సెంట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్స్ అను మైదానపు గుంటలయెదుట పోటీకి నిలిచినపుడు, తెలుగువారికి గోల్ఫ్ పట్ల ఉన్న పరాయితనము కొంతయైన తొలగవలసినది. మన పత్రికలలో ఆ వార్తకు దక్కిన చోటు అంతంతమాత్రము. క్రికెట్టునకు మనమిచ్చు స్థలములో పదియవవంతు దీనికిచ్చినను ఎంత బాగుండెడిదో!

నేల స్వభావము తెలియనిదే ఈ ఆట తెలియదు. పలనాటి నల్లరేగడిలో వాన పడినపుడు అడుగు వేసినచో చెప్పు బురదలోనే మిగులును. ఎండకాలమున అదే నేల నెఱ్ఱెలు విచ్చును. దానిపై బంతి పడినచో పడినచోటనే చతికిలబడును, లేదా నెఱ్ఱెలో పడి కనబడకపోవును. పిడుగురాళ్ళ, గురజాల ప్రాంతములందలి నాపరాతి పరుపుమీద పడినచో గుండు దెబ్బతిన్నట్లు ఎగిరి ఎటుపోవునో తెలియదు. ఇసుకపై పలుచని పొరగా గడ్డి పట్టిన నేల ఈ రెండింటికిని భిన్నమైనది. నీరు నిలువదు గనుక ఎల్లపుడు గట్టిగానుండును. ఇసుక గనుక అడుగుకు మెత్తగా నుండును. బంతి పడి, ఎగిరి, పిదప చాలదూరము దొరలును. అది దొరలునపుడు నేలయందలి ప్రతి మిట్టయు ప్రతి పల్లమును దాని దారిని మార్చును. మంచుయుగము గడచి సముద్రము వెనుకకు తొలగినపుడు మిగిలిన ఇసుకను వేలయేండ్లు గాలి చెక్కగా ఏర్పడిన తరంగములవి. వాటిని ఏ శిల్పియు గీయలేదు. గడ్డిని గొఱ్ఱెలును కుందేళ్ళును కొరికి కొరికి నున్నగా నుంచెను. గాలికి ఓర్వలేక గొఱ్ఱెలు ఒదిగి పడుకొన్న చోటులే కాలక్రమమున ఇసుకగోతులై నేడు బంకర్లని పిలువబడుచున్నవని అక్కడి పెద్దలు చెప్పుదురు.

సెంట్ ఆండ్రూస్ ఎడింబరో నగరమునకు ఉత్తరమున, ఫైఫ్ సీమలో సముద్రపుటొడ్డున నున్న చిన్న పట్టణము. పదునైదవ శతాబ్ది ఆరంభమున అక్కడ విశ్వవిద్యాలయము వెలసినది. ఆ కాలమునాటికే గోల్ఫ్ పిచ్చి ఆ దేశమున ఎంత ముదిరినదన, 1457లో రెండవ జేమ్స్ రాజు కాలపు పార్లమెంటు ఫుట్‌బాలును గోల్ఫును నిషేధించుచు శాసనము చేసెను. యువకులు విలువిద్య మాని ఆటలలో మునిగిపోవుచుండిరని దాని కారణము. ఆట రాజ్యము జోలికి పోవుట పలనాటివారికి కొత్తగాదు. కోడిపోరున ఓడి మాచర్లవారు ఏడేండ్లు వనవాసము చేసిన కథ మన సీమలో పసిబిడ్డలకును తెలియును. స్కాట్లండు రాజుల నిషేధము మాత్రము నిలువలేదు. తరువాతి రాజులే ఆ యాటకు లోబడిరి.

1552లో అక్కడి ఆర్చిబిషప్పు జాన్ హామిల్టన్ వ్రాసియిచ్చిన పత్రమొకటి కలదు. లింక్స్ నేలపై కుందేళ్ళను పెంచుకొను హక్కు తనకుండగా, అదే నేలపై గోల్ఫ్ ఆడుకొను హక్కు, ఇతర క్రీడలాడు హక్కు పట్టణప్రజలకు ఉన్నదని అందు గుర్తింపబడినది. ఈ పత్రమును నేను ఆ యాట చరిత్రలోని ఏ విజయముకన్నను గొప్పదిగా నెంచుదును. ఏలయన 1797లో పట్టణసభ దివాలాతీయగా ఆ నేల చేతులు మారి, కుందేళ్ళ వ్యాపారుల పాలైనది. వారు వేలకొలది కుందేళ్ళను పెంచిరి; అవి నేలయంతయు కలుగులు త్రవ్వి ఆటను నాశనము చేసెను. ఆటగాండ్రు కుందేళ్ళను చంపిరి, న్యాయస్థానములకు ఎక్కిరి, కొట్లాటలును జరిగెను. ఇరువదేండ్లకు పైబడి సాగిన ఈ కలహము 1821లో జేమ్స్ చీప్ అను స్థానిక భూస్వామి ఆ నేలను కొని ఆటకు విడిచిపెట్టుటతో ముగిసినది. 1894లో పార్లమెంటు చట్టముచే అది తిరిగి పట్టణమునకే దక్కినది. నేడొక ప్రజాట్రస్టు దానిని పాలించుచున్నది. జగత్ప్రసిద్ధమైన ఆ మైదానమునకు ప్రహరీ లేదు. మొదటి గుంటకును చివరి గుంటకును పోవు పచ్చికను అడ్డముగా కోయుచు ఊరినుండి సముద్రపుటొడ్డునకు పోవు బాట యొకటి ఇప్పటికిని కలదు. ఆట సాగుచుండగనే జనులు దానివెంట నడచిపోవుదురు. ఆదివారము ఓల్డ్ కోర్సున ఆట లేదు. ఆనాడు తల్లులు పిల్లలబండ్లను తోసికొనుచు, ముసలివారు కుక్కలను వెంటబెట్టుకొని, మహావీరులు ఓడిన గోతుల ప్రక్కగా షికారు చేయుదురు. మన పల్లెలలో మేత బీళ్ళును, ఊరి తిప్పలును కొలతకు వచ్చిన ప్రతిమారును కొంత కుంచించుకొని, ఈనాడు పిల్లలు బిళ్ళంగోడునకు రోడ్డు నాశ్రయింపవలసిన స్థితి కనులార చూచుచున్న మనము ఈ చరిత్రను శ్రద్ధగా చదువవలెను.

ఇక ఆట. ఆరంభస్థలమునుండి బంతిని కొట్టి, దూరముననున్న గుంటలో వేయుటకు ఎన్ని దెబ్బలు పట్టినవో లెక్కించుటయే దీని సారము. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. బంతి బరువు 46 గ్రాములకు మించరాదు. సంచిలో 14 కఱ్ఱలకు మించి ఉండరాదు. ఆరంభస్థలమునుండి గుంటవరకు గల దారియంతటికిని హోల్ అను పేరే వాడుకలోనున్నది. గుంట చుట్టును నున్నగా కత్తిరించిన పచ్చిక గ్రీన్. నేర్పరియైనవానికి ఒక్కొక్క హోల్‌కు ఎన్ని దెబ్బలు చాలునో ముందే నిర్ణయింపబడి యుండును. ఆ సంఖ్యయే పార్. ఓల్డ్ కోర్స్ పార్ 72. 2022 పోటీనాడు దాని మొత్తము పొడవు 7,313 గజములు. పదునెనిమిది అను సంఖ్యయు ఈ నేల పెట్టిన భిక్షయే. పూర్వము ఇక్కడ పోవునపుడు పదునొకండు, వచ్చునపుడు పదునొకండు, వెరసి 22 హోల్స్ ఆడెడివారు. 1764లో మొదటి నాలుగింటిని రెండుగా కలిపివేయగా, రెండు దిశలకును లెక్క తగ్గి పదునెనిమిది మిగిలెను. లోకమంతయు నేడు దానినే అనుసరించుచున్నది. పోవుటకును వచ్చుటకును ఒకే గుంటలను వాడిన ఆ కాలపు గుర్తుగా, ఈనాటికిని ఏడు గ్రీన్లు జంటగ్రీన్లుగా నున్నవి. ఒక్కొక్కదానిపై రెండు గుంటలు, రెండు జెండాలు. ఆ జంటల సంఖ్యలను కూడినచో ఎల్లపుడు పదునెనిమిదియే వచ్చును: రెండవదానికి పదునారవది, మూడవదానికి పదునైదవది, ఇట్లు ఎనిమిదవదానికి పదియవది వరకు.

ఆటగాడు ఊరి అంచునుండి బయలుదేరి, ఈడెన్ నది సముద్రమున కలియు మూలవరకు పోయి, అక్కడ చుట్టు తిరిగి, మరల ఊరిలోనికి వచ్చును. మొదటి హోల్ చూచినవారికి ఇంతకన్న సులభమైనది లేదనిపించును. పదునెనిమిదవ హోల్ పచ్చికతో కలిసి నూరు గజములకు మించిన వెడల్పు. ఒక్క బంకరైనను లేదు. కాని గ్రీన్ ముంగిట స్విల్కన్ అను సన్నని వాగు కాచుకొని యున్నది. వెనుకనుండి గాలి తోసినదినము బంతి గ్రీన్‌పై నిలువదు. ఎదురుగాలి దినము వాగు దాటదు. రెండవదినుండి ఆరవదాని వరకు ఆటగాడు నేర్చుకొనవలసిన పాఠమొక్కటే: ఎడమకు కొట్టినచో క్షేమము ఎక్కువ, గ్రీన్‌కు దారి కష్టము, కుడికి కొట్టినచో దారి సులువు, ముండ్లపొదల భయము. అయిదవ హోల్ గ్రీన్‌ను పదుమూడవదానితో పంచుకొనును. దాని విస్తీర్ణమెంతయన, గ్రీన్ మీదనే ఉండియు గుంటకు ఎనుబది గజముల దూరమున నిలిచిన బంతిని నేలమీద దొరలించి చేర్చవలసిన గతి పట్టవచ్చును.

ఇక్కడ గాలిని గూర్చి చెప్పవలసియున్నది. సూర్యలంకలో మధ్యాహ్నమునకు సముద్రమునుండి గాలి తిరుగునను సంగతి మనవారెరిగినదే. సెంట్ ఆండ్రూస్‌లో అలలపోటు తిరిగినపుడు గాలి కూడ తిరుగునని అక్కడివారి అనుభవము. ఎదురుగాలితో మొదటి సగమాడినవాడు, తిరుగుదారిలో అది తనకు తోడగునని ఆశపడునంతలో, అది కూడ మళ్ళి మరల ముఖమునకే కొట్టుట అరుదు కాదు. అందువలన తీరపు ఆటగాడు బంతిని ఆకసమునకు లేపడు. కఱ్ఱను సగమే ఎత్తి, చేతులను బంతికి ముందుగా నుంచి, నేలబారుగా కొట్టును. బలముగా కొట్టినకొలది బంతి ఎక్కువ గిరగిర తిరిగి పైకి లేచును. పైకి లేచినది గాలి వశమగును. కావున గాలి పెరిగినకొలది దెబ్బ నెమ్మదించవలెను. నూటయేబది గజముల దూరమునకు గాలి లేనినాడు వాడు కఱ్ఱకన్న మూడు నాలుగు మెట్లు పెద్దకఱ్ఱను తీసి మెల్లగా కొట్టువానిని చూచి కొత్తవారు నవ్వవచ్చును. బంతి గుంటచెంత ఆగినపుడు తెలియును. గ్రీన్ వెలుపల నలుబది గజములనుండియు, పైకి లేపు కఱ్ఱను మాని, గ్రీన్‌పై వాడు పటర్‌తోనే బంతిని దొరలించుట అక్కడ సిగ్గుగాదు, వివేకము.

ఎనిమిది, తొమ్మిది, పది హోల్స్ చిన్నవి; పందెము గెలువవలసినవారు ఇక్కడ దెబ్బలు మిగుల్చుకొందురు. పదునొకటవది మాత్రము 174 గజములే యైనను దుర్గమము. నదీముఖమునకు ఎదురొడ్డి నిలిచిన గ్రీన్ వెనుకనుండి ముందునకు ఏటవాలుగా దిగుచుండగా, దాని ముందర స్ట్రాత్ అనియు, ఎడమప్రక్క హిల్ అనియు రెండు లోతైన బంకర్లు. 1921లో అమెరికా దేశపు బాబీ జోన్స్, అప్పటికి ఇరువది యేండ్లు నిండనివాడు, ఇక్కడి ఇసుకలో చిక్కుకొని విసిగి, పోటీని మధ్యలోనే విడిచిపోయెను. ఆ కోపము కరగి ప్రేమయైనది. 1927లో అతడే ఇక్కడ ఓపెన్ గెలిచెను. 1930లో అమెచ్యూర్ పోటీయు గెలిచెను. 1958లో ఆ పట్టణము తన పౌరగౌరవము నిచ్చి సత్కరించెను. పదియవ హోల్ నేడతని పేర నున్నది.

బంకరనునది చదరపు ఇసుకపెట్టె కాదు. సెంట్ ఆండ్రూస్ బంకరు గోడను దగ్గరగా చూచినవారు దాని పనితనమును మెచ్చకుండలేరు. గడ్డిని మట్టితోసహా పలకలుగా కోసి, ఇటుకలు పేర్చినట్లు ఒకదానిపై నొకటి, ప్రతి వరుసను కొంచెము వెనుకకు జరుపుచు, మనిషి ఎత్తువరకు పేర్చుదురు. అంచుల వెంట కనబడు సన్నని వరుసగీతలవలన గోడ పొరలుపొరలుగా తోచును. ఎండకును గాలికిని ఆ పలకలు పొడియగుటచే కొన్నియేండ్లకొకమారు విప్పి మరల కట్టవలయును. బంతి ఈ గోడ పాదమున పడినచో గుంటవైపు కొట్టు మార్గమే యుండదు. ప్రక్కకో, వెనుకకో కొట్టి, ఒక దెబ్బ నష్టపోయి బయటపడుటయే బుద్ధి. ఇట్టివి ఓల్డ్ కోర్సున 112 కలవు. వాటిలో పెక్కింటికి పేర్లున్నవి: శవపేటికలు, ప్రిన్సిపాలుగారి ముక్కు, నరకము! పండ్రెండవ హోల్‌లోని బంకర్లు ఆరంభస్థలమునుండి కనబడవు; పూర్వము ఈ మైదానమును ఎదురు దిశనుండియు ఆడెడివారు గనుక అవి అటువైపునుండి వచ్చువారికొరకు ఏర్పడినవి. మన కంటికి కనబడని చోట గోయి ఉన్నదని తెలియుటకు పుస్తకము చాలదు. సంచి మోయుచు వెంటవచ్చు ఊరివాడైన కాడీ తోడు కావలెను.

నరకమను బంకరు పదునాలుగవ హోల్‌లో నున్నది. 614 గజముల ఈ హోల్ అన్నింటికన్న పొడవైనది. ఈ మైదానముననే 1970లోను 1978లోను ఓపెన్ గెలిచిన మహాక్రీడాకారుడు జాక్ నిక్లస్, 1995లో ఆ గోతినుండి వెలువడుటకు నాలుగు దెబ్బలు వెచ్చించి ఈ ఒక్క హోల్‌కే పది లెక్క వ్రాసికొనెను. దీనికి విరుద్ధముగా 2000లో టైగర్ వుడ్స్ నాలుగు దినముల ఆటలో 112 బంకర్లలో ఒక్కదానియందైనను పడక, ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచెను. బలమునకు పేరుపడిన వాడు ఆ వారమున చూపినది బలము కాదు. ఎక్కడ కొట్టరాదో తెలిసికొన్న సంయమనము.

పదునేడవది రోడ్ హోల్. 495 గజములు, పార్ నాలుగే. ఆరంభస్థలమున నిలిచినవానికి ఎదుట పచ్చిక కనబడదు. ఒక హోటలు ప్రాంగణములోని షెడ్డు అడ్డుగా నిలుచును. పూర్వమక్కడ రైల్వేవారి షెడ్లుండెడివి. ఆ కప్పు మీదుగా, కంటికి కనబడని చోటునకు బంతిని కొట్టవలెను. పిదప గ్రీన్: అడ్డముగా పరచిన సన్నని గద్దె; ముందర చిన్నదే కాని లోతైన రోడ్ బంకరు; వెనుక ఒక బాట, దాని యవతల రాతిగోడ. ఆ బాటయు ఆటలో భాగమే; బంతి దానిపై పడినచో అక్కడినుండియే కొట్టవలెను. 1978లో జపాను దేశీయుడు టామీ నకజిమా రెండు దెబ్బలలోనే గ్రీన్ చేరెను. అటనుండి మెల్లగా దొరలించిన బంతి నేలవాలున పడి, వంగి, తిరిగి బంకరులోనికి జారిపోయెను. అందుండి వెలువడుటకు నాలుగు దెబ్బలు పట్టి, లెక్క తొమ్మిదికి చేరెను. 2022 చివరినాడు ఆస్ట్రేలియా క్రీడాకారుడు కామెరాన్ స్మిత్‌కు ఇదే బంకరు గుంటకు అడ్డముగా నిలిచినది. దానిమీదుగా బంతిని ఎగురవేయుటకు పూనుకొనక, అతడు పటర్ తీసికొని, నకజిమాను ముంచిన ఆ వాలునే ఆధారముగా చేసికొని, బంతిని బంకరు ప్రక్కనుండి చుట్టు త్రిప్పి గ్రీన్ ఎక్కించెను. ఇంకొక దెబ్బతో పార్ నిలుపుకొనెను. ఆనాటి అతని లెక్క 64, నాలుగు దినముల మొత్తము 268, కప్పు అతనిదయ్యెను. నేలను శత్రువుగా చూచినవానికిని మిత్రముగా చూచినవానికిని గల భేదము ఈ రెండు సంఘటనలలో ఎంత స్పష్టముగా నున్నది!

పదునెనిమిదవ హోల్ ఊరిలోనికి దారి. స్విల్కన్ వాగుపై కొన్ని శతాబ్దులనాటి చిన్న రాతివంతెన దాటి, ఇండ్ల కిటికీల ముందునుండి ఆటగాడు నడచిపోవును. బంకరు లేదు, గ్రీన్ ముందర ఒక పల్లము మాత్రము కలదు, దానిని పాపపులోయ అందురు. 1970లో డగ్ సాండర్స్ అనునతడు మూడడుగులకైనను మించని దూరమున నున్న బంతిని గుంటలో వేసినచో ఓపెన్ విజేత. వేయలేకపోయెను. మరునాటి ఆటలో ఒక్క దెబ్బ తేడాతో నిక్లస్‌కు ఓడెను. 1995లో ఇటలీ దేశపు కాన్‌స్టాంటినో రోకా మొదట దెబ్బ పాడుచేసికొని బంతిని ఆ పల్లములోనికి జార్చి, మరుదెబ్బకు అరువది అడుగుల దూరమునుండి దొరలించి గుంటలో వేసి, మోకాళ్ళపై కూలి నేలను పిడికిళ్ళతో గ్రుద్దుకొనెను. అతడు తుదకు గెలువలేదు. పోటీ జాన్ డేలీకి దక్కినది. అయినను ఆ యేటి పేరు చెప్పినచో జనులకు మొదట తోచునది రోకా ముఖమే.

అమెరికా పడమటి తీరమున సాహిత్ తరచు ఆడు పెబుల్ బీచ్ కూడ సముద్రతీరపు మైదానమే. 1919లో తెరచిన దానిలో ఏడవ హోల్ నూరు గజములకు కొంచెమే ఎక్కువ. మూడుప్రక్కల రాళ్ళు, రాళ్ళపై విరుగు అలలు. సౌందర్యమున దానికి సాటి లేదని వినికిడి. కాని అది కొండరాతి అంచున గీసిన మైదానము. ఊరివారి బీటినుండి పెరిగినది కాదు. అక్కడ బంతి గాలిలో ఎగిరి గ్రీన్‌పై దిగవలెను. సెంట్ ఆండ్రూస్‌లో నేలతో సంభాషించుచు చేరవలెను. సాహిత్ ఈ రెండు విద్యలను నేర్చుచున్నవాడు. 2023 సెప్టెంబరున కాలిఫోర్నియాలోని నాపా పోటీలో అతడు పీజీఏ టూర్ మొదటి విజయమును సాధించెను; 2024లో అమెరికా జట్టు పక్షమున ప్రెసిడెంట్స్ కప్ ఆడెను.

మన రాష్ట్రములందు గోల్ఫ్ మైదానములు లేకపోలేదు. హైదరాబాదున గోలకొండ కోటలోని నయాకిలా గోడల నడుమ ఒకటి కలదు. విశాఖపట్టణమున సముద్రమునకు కొలదిదూరమున, ముడసర్లోవ కొండల నడిమి లోయలో ఈస్ట్ పాయింట్ క్లబ్బువారిది యొకటి. విశాఖ మైదానమున దేశపు వృత్తిక్రీడాకారుల పోటీలు జరుగుచున్నవి. అయితే వాడరేవు, సూర్యలంకల వంటి ఇసుకతీరమున మాత్రము ఈ యాట లేదు. ఉండవలెనని నేను వాదింపను. ఆ ఇసుకలో వేరుసెనగ వేసికొను రైతునకును, వలలు ఆరబెట్టుకొను బెస్తవానికిని హక్కు ముందు. నా ఆశ వేరు. నరసరావుపేట, మాచర్ల పరిసరములందు ఇంకను మిగిలియున్న మేత బీళ్ళలో రెండెకరములనైనను పిల్లల ఆటలకని పంచాయతీలు వ్రాతమూలకముగా కేటాయించినచో, హామిల్టన్ పత్రమువలె అది ఎన్ని తరములకు అక్కరకు వచ్చునో! ఈ యాట సామాన్యునికి చేరువైనదియు ఇట్టి చిన్న కారణముననే. పూర్వము బంతిని తోలుసంచిలో ఉడికించిన పక్షియీకలు కూరి కుట్టెడివారు. ఒక పనివాడు దినమునకు కొలదిబంతులే చేయగలిగెడివాడు, వెల హెచ్చు. 1848 ప్రాంతమున మలయా అడవుల చెట్టుపాలనుండి చేసిన గట్టిబంతి వచ్చినది, వెల పడిపోయినది, కూలివాని బిడ్డయు కఱ్ఱ పట్టెను. నేలమీద హక్కు మున్నే ఉన్నందుననే చౌకబంతి వానికి పనికివచ్చినది.

2027 జులైలో ఓపెన్ పోటీ మరల సెంట్ ఆండ్రూస్‌కు వచ్చుచున్నది. మనకు మధ్యాహ్నపువేళ మొదలై రాత్రి ప్రొద్దుపోవువరకు టెలివిజన్‌లో చూడవచ్చును. చూచువారు దూరముగా ఎగిరిన బంతికి చప్పట్లు కొట్టువారివైపు గాక, నాలుగు సంగతులవైపు కన్నుంచిన ఆట అర్థమగును: జెండాలు ఏ దిక్కునకు రెపరెపలాడుచున్నవి, మధ్యాహ్నము అవి మళ్ళినవా, ఆటగాడు గ్రీన్ వెలుపలనుండి పటర్ తీసెనా, పైకి లేపు కఱ్ఱ తీసెనా, పడిన బంతి ఆగినపిమ్మట కాక, ఆగుటకు ముందు ఎటు వంగుచున్నది, పదునేడవ హోల్‌లో రెండవ దెబ్బకు ముందు వాడు జెండావైపు చూచుచున్నాడా, జెండాకు కుడిప్రక్కనున్న ఖాళీ పచ్చికవైపు చూచుచున్నాడా.